సర్వే అయిపోయాక అందులోని తప్పులు మనమే పట్టుకుని రాయడం ఎలా

ప్లస్ టూలోనో డిగ్రీలోనో ప్రాజెక్టు కింద "విద్యార్థులు ఆన్‌లైన్‌లో ఎలా మాట్లాడుకుంటున్నారు" అని సర్వే చేయమంటారు. గూగుల్ ఫారం తయారవుతుంది. లింకు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్తుంది. రెండు మూడు రోజుల్లో వంద దాకా జవాబులు వస్తాయి, రంగురంగుల గుండ్రటి బొమ్మలు రిపోర్టులోకి ఎక్కుతాయి. ఆఖర్న "పరిమితులు" అని పెట్టి రెండు వాక్యాలు: శాంపిల్ చిన్నది, సమయం చాలలేదు. ఈ రెండు వాక్యాలూ ఎవరి సర్వేకైనా సరిపోతాయి కాబట్టి మీ సర్వే గురించి ఏమీ చెప్పవు.

లోపాల గురించి రాయడమంటే క్షమాపణ చెప్పుకోవడం కాదు. ఒక్కో లోపం దగ్గరా మూడు సంగతులు తేల్చాలి. ఏం జరిగింది? దానివల్ల రిపోర్టులో ఏ అంకె కదిలింది? ఎక్కువ వైపు కదిలిందా, తక్కువ వైపా? మూడోదే అసలు పని, చాలా రిపోర్టుల్లో లేనిదీ అదే.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం లాంటి చోట్ల తెలుగు ఇళ్ల పిల్లలను అడిగేటప్పుడు మామూలు తప్పులకు తోడు ఇక్కడివే అయిన తప్పులు కొన్ని కలుస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు, రీల్స్‌లో హిందీ. హైదరాబాదు కాలేజీ కోసం తయారైన ఫారాన్ని తెచ్చి ఇక్కడ పెడితే సగం ప్రశ్నలు పక్కకు జారిపోతాయి. కింది ఉదాహరణల్లో ఇచ్చిన అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. మీ ఫైలు తెరిచి పెట్టుకుని, వాటి స్థానంలో మీ అంకెలు వేసుకుంటూ చదవండి.

మెట్టు 1: ఫైలును ముట్టుకోకముందు

గూగుల్ షీటుకు ముందు ఒక కాపీ తీసి "అసలు" అని పేరు పెట్టి పక్కన పెట్టండి. దిద్దుబాట్లన్నీ రెండో కాపీలోనే. తర్వాత ఒక తెల్ల కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: లింకు ఏయే గ్రూపుల్లో పెట్టారు, ఆ గ్రూపుల్లో మొత్తం ఎంతమంది ఉన్నారు, జవాబులు ఎన్ని వచ్చాయి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వచ్చాయి. గ్రూపుల్లో 260 మంది ఉండి 104 జవాబులు వస్తే 40 శాతం. "104 మంది విద్యార్థులు పాల్గొన్నారు" అని మాత్రమే రాస్తే మిగతా 156 మంది చదివేవాళ్ల కళ్లకు కనిపించరు. రెండు గ్రూపుల్లోనూ ఉన్న మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా చూసుకోండి.

షీటులో మొదటి నిలువు వరుస టైమ్‌స్టాంప్, అంటే జవాబు వచ్చిన తేదీ, సమయం. దాన్ని చాలామంది చూడనే చూడరు, ఎంతో చెప్పే వరుస అది. లింకు పెట్టిన రాత్రే 8 నుంచి 11 లోపు జవాబుల్లో ఎక్కువ భాగం వచ్చేస్తే, మీకు దొరికింది రాత్రిపూట ఫోన్ చేతిలో ఉన్నవాళ్లే. "రోజుకు ఎన్ని గంటలు ఆన్‌లైన్‌లో ఉంటారు" అన్న ప్రశ్నకు వచ్చిన సగటు అక్కడే పైకి జరిగిపోయింది. మొదటి రోజు జవాబులను ఒక గుంపుగా, మీరు రెండోసారి గుర్తుచేశాక వచ్చినవాటిని మరో గుంపుగా విడదీసి సగటులు పోల్చండి. ఆలస్యంగా జవాబిచ్చినవాళ్లు చాలాసార్లు అసలు ఇవ్వనివాళ్లకు దగ్గరగా ఉంటారు. రెండు సగటుల మధ్య తేడా పెద్దదైతే, రానివాళ్ల సగటు ఎటు ఉండవచ్చో ఒక సూచన దొరికినట్టే.

మెట్టు 2: రానివాళ్లెవరో చూడడం

వాట్సాప్‌లో లింకు పంపి "మీరు వాట్సాప్ వాడతారా" అని అడిగితే దాదాపు అందరూ అవునంటారు. ఆ అంకె మీరు వెళ్లిన దారిని చూపిస్తుంది, పిల్లలను కాదు. అలాంటి ప్రశ్న మీ ఫారంలో ఉంటే ఫలితాల్లోంచి తీసేసి లోపాల్లోకి మార్చండి.

అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగివచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని తేల్చింది. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్లున్నవాళ్ల జాబితాల నుంచి తీసుకున్నారు, అప్పట్లో అవి ఎక్కువగా ఉన్నది డబ్బున్నవాళ్లకే. పైగా కార్డు తిప్పి పంపినవాళ్లకూ పంపనివాళ్లకూ అభిప్రాయంలో తేడా ఉంది. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన సంవత్సరమే అది. ఇన్నేళ్లయినా "జవాబులు చాలా వచ్చాయి కదా" అన్న ధీమా మాత్రం పోలేదు.

మీ దగ్గర రానివాళ్లెవరో కనుక్కోవడానికి తరగతి రిజిస్టరు చాలు. ఆడపిల్లలు, మగపిల్లలు, హాస్టల్, ఇంటి నుంచి వచ్చేవాళ్లు, పట్నం, కొండ ఊళ్లు అని విడదీసి, రిజిస్టరులో ఎంతమంది, జవాబుల్లో ఎంతమంది అని రెండు వరుసలు వేయండి. హాస్టల్లో ఫోన్లు వార్డెన్ దగ్గర ఉండవచ్చు. సిగ్నల్ కోసం గట్టు ఎక్కాల్సిన ఊరి పిల్లకు మీ లింకు తెరుచుకునేసరికి ఫారం మూసేసి ఉండవచ్చు. ఫోన్ అన్నయ్యదైతే లింకు వచ్చిందన్న సంగతే చెల్లెలికి తెలియదు.

లెక్క ఇలా చేయండి. రిజిస్టరులో 120 మంది, అందులో ఆడపిల్లలు 66, అంటే 55 శాతం. జవాబులు 48, వాటిలో ఆడపిల్లలవి 17, అంటే 35 శాతమే. "రాత్రి 10 దాటాక మెసేజ్‌లు పెడతారా" అని అడిగితే 31 మంది మగపిల్లల్లో 22 మంది (71 శాతం), 17 మంది ఆడపిల్లల్లో ఆరుగురు (35 శాతం) అవునన్నారు. ఫారం గీసిన బొమ్మ 48లో 28, అంటే 58 శాతం అని చూపిస్తుంది. తరగతిలో ఉన్న నిష్పత్తి ప్రకారం సరిచేస్తే 35ను 0.55తో, 71ని 0.45తో గుణించి కలపాలి: సుమారు 51. అంటే ఏడు పాయింట్లు ఎక్కువ చూపించిన బొమ్మ అది. రిపోర్టులో రెండు అంకెలూ పెట్టండి. అయితే ఈ సర్దుబాటుకు ఒక హద్దు ఉంది. జవాబివ్వని 49 మంది ఆడపిల్లలు ఇచ్చిన 17 మంది లాంటివాళ్లే అని అది అనుకుంటుంది. ఫోన్ చేతికి రాని పిల్ల, వచ్చిన పిల్ల ఒకలా ఉండరు కాబట్టి నిజం 51 కంటే కూడా తక్కువే కావచ్చు. ఆ మాట కూడా రాయాలి.

ఫారం సెట్టింగు ఒకటి ఇక్కడ చూడాలి. "ఒక్కరికి ఒక్క జవాబు" అని ఆన్ చేస్తే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. ఒకే ఫోన్, ఒకే ఖాతా వాడే అక్కాచెల్లెళ్లలో రెండోవాళ్లకు దారి మూసుకుపోతుంది. ఆఫ్ చేస్తే ఒకరే రెండుసార్లు నింపవచ్చు. మీరు ఏది పెట్టారో చెప్పండి. ఆఫ్‌లో ఉంచితే, ఒకటి రెండు నిమిషాల తేడాలో అచ్చు ఒకేలా ఉన్న వరుసలు ఉన్నాయేమో షీటులో వెతకండి.

మెట్టు 3: భాష దగ్గర ఏం జారిపోయిందో

సరిహద్దు జిల్లాల సర్వేల్లో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. తొందరపడకండి.

"ఆన్‌లైన్‌లో మీరు ఏ భాష వాడతారు? తెలుగు / ఒడియా / హిందీ / ఇంగ్లీషు" అని ఒక్క టిక్కు పెట్టే ప్రశ్న తీసుకోండి. ఒకమ్మాయి స్నేహితురాలికి "ఏం చేస్తున్నావే" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. తను మాట్లాడింది తెలుగు కాబట్టి తెలుగుకు టిక్కు పెడుతుంది. అదే పని చేసే పక్కమ్మాయి కీబోర్డు ఇంగ్లీషుది కాబట్టి ఇంగ్లీషుకు పెడుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ప్రశ్నే భాషనూ లిపినీ ఒకే డబ్బాలో వేసింది. మీ రిపోర్టులో "ఇంగ్లీషు 46 శాతం" అని వచ్చి ఉంటే అందులో నిజంగా ఇంగ్లీషులో రాసేవాళ్లు ఎందరో ఇక తెలియదు. తెలుగు వాడకం తక్కువగా కనబడింది, ఇంగ్లీషు ఎక్కువగా కనబడింది. దిశ స్పష్టంగా చెప్పగలిగిన లోపం ఇది.

అదీకాక పిల్లలు మనిషిని బట్టి భాష మారుస్తారు. అమ్మకు తెలుగులో వాయిస్ మెసేజ్, క్లాసు గ్రూపులో ఒడియా, మాస్టారికి ఇంగ్లీషు ముక్కలు, ఇన్‌స్టాగ్రామ్ కామెంటులో హిందీ. ఒక్క టిక్కు అడిగితే ఆ క్షణంలో గుర్తొచ్చినదాన్ని పెడతారు. దీన్ని నాలుగు ప్రశ్నలుగా విడగొట్టాలి: అమ్మానాన్నలతో, స్నేహితులతో, టీచర్లతో, పబ్లిక్ పోస్టుల కింద. ఒక్కోచోట మూడు సంగతులు: ఏ భాష, ఏ అక్షరాలు, టైపు చేస్తారా వాయిస్ పంపుతారా. వాయిస్‌ను తప్పకుండా అడగండి. తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు అక్షరాలు చదవలేని పిల్లలు ఈ ఊళ్లలో ఉన్నారు. వాళ్ల తెలుగంతా వాయిస్ మెసేజ్‌ల్లోనే ఉంటుంది, టైపింగ్ మీద అడిగిన ప్రశ్నకు అందదు.

అదే కారణంతో ఫారం తెలుగు లిపిలోనే ఉంటే వాళ్లు సగంలో ఆపేస్తారు, లేదా పక్కవాళ్లను అడిగి నింపుతారు. ఒడియాలోనే ఉంటే చదవగలరు గానీ ఇంటి మాట గురించి బడి భాషలో జవాబివ్వాల్సి వస్తుంది. రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టడం మేలు. అనువాదం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే, ఒకరు తెలుగు నుంచి ఒడియాలోకి మార్చాక, తెలుగు ప్రశ్న చూడని మరొకరితో దాన్ని మళ్లీ తెలుగులోకి మార్పించండి. రెండు తెలుగులూ పక్కన పెడితే తేడా పడినచోటు వెంటనే కనిపిస్తుంది. ఫారం ఇప్పటికే పంపేసి ఉన్నా ఈ పని ఇప్పుడు చేయవచ్చు, ఏ ప్రశ్న రెండు రకాలుగా అర్థమైందో బయటపడుతుంది.

ప్రశ్నల్లోని తెలుగు కూడా చూడండి. "సామాజిక మాధ్యమాల ద్వారా పరస్పర సంభాషణ జరుపుటలో మీరు వెచ్చించు సమయమెంత?" అని అడిగితే పిల్లవాడికి అది పరీక్ష పేపరులా కనిపిస్తుంది. స్టేటస్ పెట్టడం, రీల్ పంపడం, వీడియో కాల్ ఇవన్నీ "సంభాషణ" కిందికి వస్తాయో రావో తెలియక గంటలు తగ్గించి రాస్తాడు. "నిన్న వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో మెసేజ్‌లు, వాయిస్, కాల్స్ అన్నీ కలిపి ఎంతసేపు మాట్లాడావు" అంటే అర్థమవుతుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ భాషకు నిఘంటువు తయారుచేశారు, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆయన నడిచిన ఊళ్లో పిల్లలను గ్రాంథికంలో ప్రశ్నించడం బాధగా ఉంటుంది. సవర ఇళ్ల పిల్లలు మీ తరగతిలో ఉంటే, భాషల జాబితాలో సవర ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే వాళ్లు "ఇతర" అయిపోయారు.

మెట్టు 4: ప్రశ్న కట్టుబడి

ఫారం ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో కూర్చోండి. గంట పని. వీటికోసం చూడండి.

రెండు ప్రశ్నలు ఒకటిగా అంటుకోవడం: "ఆన్‌లైన్‌లో మాట్లాడటం తేలికగా, సురక్షితంగా ఉంటుందా?" తేలికే గానీ భయం అనుకునే పిల్ల ఏది ఎంచుకోవాలి? ఆ జవాబును ఏ వాక్యానికీ ఆధారంగా వాడకండి.

తోసే ప్రశ్న: "ఎక్కువ చాటింగ్ వల్ల చదువు పాడవుతుందని మీరు ఒప్పుకుంటారా?" జవాబు ప్రశ్నలోనే ఉంది. అవును అన్న శాతం పెరుగుతుంది.

అంచులు కలిసిపోయిన గడులు: 1–2 గంటలు, 2–3 గంటలు. రెండు గంటల పిల్లవాడు ఎక్కడ? పైగా "తరచుగా", "అప్పుడప్పుడు" అన్న మాటలు ఒకరికి రోజూ, ఇంకొకరికి వారానికోసారి.

అన్ని వాక్యాలూ ఒకే వైపు: "అంగీకరిస్తాను" నుంచి "అంగీకరించను" వరకు అయిదు మెట్ల వాక్యాలు ఎనిమిది పెట్టి, అన్నీ ఆన్‌లైన్ మంచిదనే చెబితే, పెద్దవాళ్లు అడిగినదానికి సరే అనడం అలవాటైన పిల్లలు వరసగా ఒకే గడిలో దిగిపోతారు. షీటులో ఎనిమిదింటికీ ఒకే జవాబున్న వరుసలు లెక్కపెట్టి ఆ సంఖ్య రాయండి. వాటిని తీసి ఒకసారి, ఉంచి ఒకసారి సగటు చూడండి.

అన్నిటికంటే మోసం చేసేది ఎర్ర నక్షత్రం గుర్తు (*), అంటే తప్పనిసరి చేసిన ప్రశ్న. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేని పిల్లకు "ఇన్‌స్టాలో ఎంతమందిని ఫాలో అవుతున్నారు" తప్పనిసరైతే, "నాకు ఖాతా లేదు" అన్న గడి లేకపోతే, ముందుకు వెళ్లడానికి ఏదో ఒకటి నొక్కుతుంది. పట్టుకోవడం సులువు: షీటులో ఫిల్టరు పెట్టి, ముందు ప్రశ్నలో ఇన్‌స్టా వాడనన్నవాళ్లు తర్వాతి ఇన్‌స్టా ప్రశ్నలకు ఏం చెప్పారో చూడండి. అలాంటివాళ్లు తొమ్మిది మంది ఉంటే, ఆ తొమ్మిది జవాబులు మీ ఫారం పుట్టించినవి. తీసేసి, ఎన్ని తీశారో రాయండి.

మెట్టు 5: గుర్తు మీద ఆధారపడిన గంటలు

ఎన్ని గంటలు అన్నది ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఒక పదిమందిని ఒప్పించి చిన్న పరీక్ష చేయండి. ముందు నిన్న వాట్సాప్‌లో ఎన్ని నిమిషాలు ఉన్నారో అంచనా కాగితం మీద రాయించాలి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ తెరిపించి నిన్నటి అంకె పక్కన రాయించాలి. ఈ వరుస మారకూడదు, అంకె చూశాక వేసే అంచనాకు విలువ లేదు. ఫోన్ మీరు తీసుకోవద్దు, వాళ్లనే చూసి చెప్పమనండి. పదిమందిలో ఎంతమంది తక్కువ చెప్పారు, సగటున ఎన్ని నిమిషాలు అన్నది మీ గంటల బొమ్మ కింద రాసేయండి. ఇంట్లో నలుగురు వాడే ఫోన్ అయితే ఆ మీటరు అందరిదీ కలిపి చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

"గత వారం" అని అడిగి ఉంటే ఆ వారం ఏమిటో కూడా చూడండి. దసరా సెలవుల వారానికీ పరీక్షల వారానికీ పోలిక లేదు.

మెట్టు 6: భయం వల్ల మారిన జవాబులు

"తెలియనివాళ్ల నుంచి ఇబ్బంది పెట్టే మెసేజ్‌లు వచ్చాయా?" అన్న ప్రశ్న ఉన్న ఫారంలోనే పేరు, ఈమెయిల్ అడిగారా? లింకు క్లాసు టీచరు పంపారా? పక్కన స్నేహితులు కూర్చుని నింపారా? వీటిలో ఒక్కటి అవునన్నా, "రాలేదు" అన్న శాతం నిజం కంటే ఎక్కువ. ఇంట్లో తెలిస్తే ఫోన్ లాగేసుకుంటారన్న భయం ఆడపిల్లలకు ఉంటుంది. ఆ శాతాన్ని "మా కాలేజీలో ఈ సమస్య తక్కువ" అని ఎప్పుడూ రాయకండి. కనీసం ఇంతమందికి జరిగింది అని మాత్రమే రాయవచ్చు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది. ప్లస్ టూ విద్యార్థుల్లో చాలామంది అందులోకి వస్తారు. పేర్లు, నంబర్లు అవసరం లేకుండా సేకరించి ఉంటే ఆ వరుసలు ఇప్పుడే తొలగించండి, సేకరించిన సంగతిని లోపాల్లో ఒప్పుకోండి. ఇలాంటి ప్రశ్న అడిగే ఫారం చివర పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉండాలి. పేరు లేని ఫారంలో ఎవరైనా కష్టం రాసుకుంటే వాళ్లను మీరు వెతికి పట్టుకోలేరు, ఆ నంబరైనా వాళ్ల కళ్ల ముందుండాలి.

మెట్టు 7: అంకెల దగ్గర

పన్నెండు మందిలో ఒక మనిషే ఎనిమిది శాతం. ఇరవై లోపు గుంపులకు శాతం ఒక్కటే ఇవ్వకండి, "12 మందిలో 7" అని కూడా చెప్పండి. వంద మందిని చీటీలు తీసి ఎంచుకుని ఉంటే 50 శాతం దగ్గర పది పాయింట్లు అటూ ఇటూ అని, 400 మంది అయితే అయిదు అని చెప్పవచ్చు, అదీ నూటికి 95 సార్లు. గ్రూపులో లింకు పడేసి వచ్చినవి ఏరుకున్న సర్వేకు ఆ లెక్క వర్తించదు, వేయకండి. ఎన్నైనా టిక్కులు పెట్టే ప్రశ్నల్లో శాతాలు కూడితే వంద దాటుతాయి, వాటిని గుండ్రటి బొమ్మగా గీయకూడదు.

మెట్టు 8: రాయడం

దొరికిన లోపాలన్నీ ఒక జాబితాగా దింపేయకండి. ఏది మీ ముఖ్య ఫలితాన్ని ఎక్కువగా కదిలించిందో అది ముందు, మిగతావి తర్వాత. పెద్దవి మూడో నాలుగో ఒక్కో పేరాగా, చిన్నవన్నీ కలిపి ఒక పేరాగా.

"కొందరు విద్యార్థులు ప్రశ్నలను సరిగా అర్థం చేసుకోలేదు" అన్న వాక్యం పనికిరాదు. నేరం పిల్లల మీద వేస్తుంది, ఏ ప్రశ్నో చెప్పదు. దాని బదులు ఇలా: "6వ ప్రశ్నలో భాషను, లిపిని విడిగా అడగలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు రెండు గడుల్లోకీ చీలిపోయారు. అందువల్ల ఇంగ్లీషుకు వచ్చిన 46 శాతం అసలు కంటే ఎక్కువ, తెలుగుకు వచ్చిన 31 శాతం తక్కువ. ఎంత తేడానో ఈ సర్వే నుంచి చెప్పలేం. వాట్సాప్ గ్రూపులో రోజూ మాట్లాడుకుంటారన్న 9వ ప్రశ్న ఫలితానికి ఈ లోపం తగలదు." ఆఖరి వాక్యం మరవకండి. ఏది చెడిందో చెప్పినవాళ్లు ఏది నిలిచిందో కూడా చెప్పాలి.

దిద్దిన ప్రశ్నలు అనుబంధంలో పెట్టే ముందు, జవాబివ్వని గుంపులోంచే అయిదుగురి దగ్గరికి వెళ్లండి. కాగితం ఇవ్వకుండా ప్రశ్న చదివి వినిపించి, జవాబు కాకుండా ఇది అడగండి: "చెల్లీ, ఈ ప్రశ్న నిన్ను ఏం అడుగుతోంది అనుకున్నావు?" "నాకు సొంత ఫోన్ ఉందా అని కదక్కా. అన్నయ్య ఫోన్‌లో చూస్తాను, మరి లేదని రాయాలా?" అని ఆ అమ్మాయి తిరిగి అడిగితే, "ఇంట్లోవాళ్ల ఫోన్ వాడతాను" అన్న గడి మీ ఫారంలో లేదన్నమాట. అయిదుగురిలో ఇద్దరు ఒకే చోట తడబడితే ప్రశ్న మార్చి, ఈసారి వేరే అయిదుగురి దగ్గర చదవండి. మొదటివాళ్లకు మీరేం అడగబోతున్నారో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.